పదిహేడో ప్లేటు అంచున పసుపు చుక్క

ఆపరేషన్ గది తలుపు పైన ఎర్రదీపం వెలిగి పది నిమిషాలయింది. ఎదుటి గోడమీది గడియారం పదీ పది చూపిస్తోంది. పదకొండింటికి అటూ ఇటూగా రెండు కబుర్లు రావాలి, ఒకటి ఆ తలుపులోంచి, రెండోది ఆమె ఒళ్ళో ఉన్న ఫోన్‌లోంచి. తలుపులోంచి వచ్చే కబురులో ఇక తేలాల్సిందేమీ లేదు, అన్నయ్య కుడికాలు మోకాలి పైనుంచి తీసేస్తారు, నిన్ననే సంతకాలయ్యాయి. ఫోన్‌లో రావాల్సిందే ఇంకా తేలాలి, కాని అది తేలినా తేలకపోయినా ఆ కాలికి ఒరిగేదేమీ లేదు. మరి ఎందుకు పదే పదే ఫోన్ వైపే చూస్తున్నట్టు? పక్క కుర్చీలో వదిన, వదిన ఒళ్ళో బట్టల సంచి, సంచి మూతిలోంచి తొంగిచూస్తున్న అన్నయ్య చెప్పులు. రెండూ ఉన్నాయి. ఇంటి దగ్గర సర్దుతున్నప్పుడు అలవాటుకొద్దీ రెండూ పెట్టేసి ఉంటుంది, ఇక్కడికొచ్చాక చూసుకుని ఒకదాన్ని లోపలికి తోసింది, అది మళ్ళీ పైకి వచ్చింది. ఆమె ఆ సంచి వైపు చూడకుండా ఉండాలనుకుంది, అనుకున్నకొద్దీ అటే చూసింది.

నేల తుడిచే అతను బకెట్టు తోసుకుంటూ వచ్చి, "కాస్త కాళ్ళెత్తండమ్మా" అన్నాడు. ఇద్దరూ కాళ్ళెత్తారు. నాలుగు కాళ్ళూ గాలిలో ఉండగా కింద తడిగుడ్డ ఒకసారి ఇటు, ఒకసారి అటు పోయింది. ఫినాయిలు వాసన. ఫినాయిలూ చంపుతుంది, నిప్పూ చంపుతుంది, ప్రయోగశాల గాజు ప్లేటులో పెంచిన బ్యాక్టీరియాను చంపిన ప్రతిదీ మందయిపోతే నా ఇంట్లో బాత్రూం కడిగే సీసాకే పెద్ద బహుమతి ఇవ్వాలి అని కొత్తగా చేరిన వాళ్ళకు తానే చెప్పేది, చెప్పి నవ్వించేది. ప్లేటు నుంచి మందు దాకా పది పన్నెండేళ్ళు, అదీ అన్నీ కలిసొస్తే, వందలో తొంభైతొమ్మిది మధ్యదారిలోనే చస్తాయి. అంత తెలిసిన మనిషి ఇవాళ ప్రయోగశాలకు సెలవైనా తాళం తీయించి, బతిమాలి, ఒక ముసలావిడను ప్లేటు చూసి చెప్పమని కూర్చోబెట్టింది. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి, పిచ్చెక్కిందని చెప్పాలి.

ఆ ముసలావిడ ముప్పై ఏళ్ళుగా అక్కడ గాజుసామాను కడుగుతుంది. డైరెక్టరు నుంచి కాపలాదారు దాకా అందరికీ పిన్నే. పేరు రిజిస్టరులో ఉండి ఉంటుంది, పిలిచినవాళ్ళు లేరు. చదువు లేకపోయినా చూపుంది. సీసా ఎత్తి వెలుతురుకు పట్టి, లోపల మరక మిగిలిందంటే మిగిలిందే. మొట్టమొదట పదిహేడో ప్లేటు చూసి చెప్పింది కూడా పిన్నే కదా, అవును, ఆమే, కడగడానికి వచ్చిన గిన్నెలు సర్దుతూ, బల్లమీద ఆ ప్లేటు దగ్గర ఆగి, "ఇందులో ఇద్దరున్నారు కదమ్మా" అంది. "ఒకడేమో బూజు. ఈ అంచున పసుపు చుక్క వేరు." తను కళ్ళజోడు సవరించుకుని చూసి, అవును పిన్నీ, మురికి పడింది, తీసేస్తానులే అంది. పిన్ని వెళుతూ వెళుతూ, "పక్కింటివాళ్ళు పోతే పోట్లాటా పోతుంది, పోట్లాట పోతే నోరూ పోతుంది, మా వీధిలో అంతే" అని తన వీధి గొడవ ఏదో చెప్పింది. ఆ మాట అప్పుడు చెవికెక్కలేదు. చదువుకున్న చెవి కదా, గాజుసామాను కడిగేవాళ్ళ మాట ఎందుకు ఎక్కుతుంది.

గడియారం పదీ పద్దెనిమిది. లోపల ఏదో లోహం పళ్ళెంలో పడిన చప్పుడయిందో, కాలేదో. వదిన తల ఎత్తింది, ఆమె ఎత్తలేదు. పదిహేడో నంబరు స్పాంజి పిడికిలంత ఉండేది, తుప్పు రంగు, పట్టుకుంటే జిగురు. సముద్రం అడుగున రాయికి అంటుకుని బతికే ప్రాణి అది, పారిపోలేదు, కరవలేదు, పళ్ళూ గోళ్ళూ ఏవీ లేవు, అయినా కుళ్ళదు. దాని ఒంట్లో కాపురమున్న బూజులు ఏవో విషాలు చేసి, వచ్చిన బ్యాక్టీరియాను వచ్చినట్టే చంపుతుంటాయి. ఆ విషాల్లో ఒక్కటైనా మనిషికి పనికిరాకపోతుందా అని పద్నాలుగేళ్ళుగా వెతుకుతోంది, స్పాంజిని ముక్కలు కోసి, కడిగి, ప్లేట్లలో నాటి, మొలిచిన బూజునల్లా పరీక్షించి. తెచ్చిపెట్టేది అన్నయ్య. రేవులో పడవల అడుగున పట్టిన గుల్లలూ నాచూ గీకడం అతని పని, గాలిగొట్టం నోట్లో పెట్టుకుని రోజుకు నాలుగు గంటలు నీళ్ళకిందే. చెల్లెలి కోసమని పని అయ్యాక ఇంకో అరగంట మునిగేవాడు. "నువ్వు పెద్ద చదువు చదివి బూజు పెంచుతున్నావు, మీ వదిన చదవకుండానే రొట్టెలమీద పెంచుతోంది" అనేవాడు. వదిన గరిటె విసిరేది, అతను తలుపు చాటుకు పోయేవాడు. ఆ వదిన ఇప్పుడు సంచి తాడును వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, చుట్టుకుంటోంది.

పదిహేడో ప్లేటులోంచి గోరంత ముక్క తీసి, ఏ మందుకూ లొంగని ఆసుపత్రి బ్యాక్టీరియా మీద పెట్టినప్పుడు మర్నాటికి చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున ఖాళీ వలయం ఏర్పడింది. ఒక్కటంటే ఒక్క బ్యాక్టీరియా లేదు అందులో, అద్దంలా ఉంది. పద్నాలుగేళ్ళలో అలాంటిది చూడలేదు. ఆ తర్వాత చేసింది ఏమిటంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడం, అదీ ఎంతో శ్రద్ధగా, నియమం ప్రకారం, చేతికి తొడుగులు వేసుకుని. బూజును శుద్ధి చేయాలి. ఒక ప్లేటులో ఒకే ప్రాణి ఉండాలి. రెండోది ఉంటే అది మురికి, మురికిపడ్డ ప్లేటును ఆవిరి పెట్టెలో ఉడికించి పారేయాలి, మొదటిరోజు నేర్పే పాఠం అదే. పసుపు చుక్క తగలకుండా బూజు కొస తీసి కొత్త ప్లేటులో నాటింది, అక్కడినుంచి ఇంకో ప్లేటు, ఇంకో ప్లేటు, నాలుగో మార్పిడికి కడిగిన ముత్యంలా ఉంది. పాత ప్లేటును తన చేత్తోనే ఆవిరి పెట్టెలో వేసింది. తర్వాత ఆ శుద్ధమైన బూజును సీసాలో పెంచి, ఆ నీళ్ళు వడగట్టి చూస్తే ఏమీ లేదు. మళ్ళీ చూస్తే ఏమీ లేదు. బ్యాక్టీరియా ఆ నీళ్ళలో హాయిగా కాపురం పెట్టింది. సబ్బూ, నువ్వు సబ్బును కూడా కడిగి గాని వాడవు కదే అని చిన్నప్పుడు అన్నయ్య వెక్కిరించేవాడు, ఆ పేరే ఉండిపోయింది, పెళ్ళి పత్రికలో కూడా బ్రాకెట్లో సబ్బు అని వేయిస్తానని బెదిరించాడు. ఆ శుభ్రం మీదే ఉద్యోగం వచ్చింది. ఆ శుభ్రం మీదే ప్రమోషన్ వచ్చింది. ఆ శుభ్రమే ఇప్పుడు ఆ తలుపు వెనకాల బల్లమీద పడుకుని ఉంది.

కాదు, పడుకుని ఉన్నది అన్నయ్య. మాటలు ఎటో పోతున్నాయి. రాత్రి నిద్రలేదు, మొన్నా లేదు.

బూజు పనిచేయకపోతే తప్పు స్పాంజిది అనుకుంది. ముక్క చిన్నది, పాతబడింది, తాజాది పెద్దది కావాలి అనుకుంది. తన నోటు పుస్తకం ఒక్కసారి వెనక్కి తిప్పి ఉంటే చాలు, తిప్పలేదు. తన చేతిపని మీద అనుమానం రాలేదు, రాయి మీది మూగప్రాణి మీద వచ్చింది. అన్నయ్యకు ఫోన్ చేసింది. సముద్రం బాగాలేదు, నాలుగు రోజులు ఆగుదామే అన్నాడు. నాలుగు రోజుల్లో నివేదిక ఇవ్వాలి అన్నయ్యా అంది. సరేలే, నువ్వు అడిగాక కాదంటే ఇంట్లో ఉన్నా ఊపిరాడదు అన్నాడు. ఆ మాటకు అప్పుడు నవ్వింది. ఇప్పుడు దాన్ని ఏ మూల దాచాలో తెలియక నోట్లోనే పెట్టుకుని కూర్చుంది, మింగలేక, కక్కలేక.

పడవ ఊగుతోంది, ఆరోజు. నీళ్ళు మురికి కాఫీ రంగులో ఉన్నాయి. తాడు ఆమె చేతిలోనే ఉంది. ఒకసారి లాగితే బాగున్నాను, రెండుసార్లు లాగితే తాడు వదులు, మూడుసార్లు లాగితే పైకి తీయి, ఇది వాళ్ళిద్దరికీ చిన్నప్పటి లెక్క. అప్పట్లో అతను మునిగితే రేవు మెట్లమీద కూర్చుని అతని చొక్కా ఒళ్ళో పెట్టుకుని అంకెలు లెక్కపెట్టేది, తొంభై దాటితే ఏడుపు మొదలెట్టేది, నూట పదికి అతను తల పైకెత్తి, ఏడ్చావా, ఏడవలేదు, కళ్ళెందుకు తడి, నువ్వే నీళ్ళు చల్లావు. ఆరోజు తాడు మూడుసార్లు లాగాడు. ఆమె లాగింది, పడవవాడు సాయం పట్టాడు. అన్నయ్య పైకొచ్చాడు, పళ్ళికిలిస్తూ, కుడిచేతిలో వల సంచి, సంచిలో రెండు పిడికిళ్ళంత పదిహేడో నంబరు. పిక్క మీద జానెడు పొడవున చీరుకుపోయింది, ఒక మునిగిపోయిన పడవ ఇనుపరేకు తగిలిందట. రక్తం మడమ దాకా కారుతోంది. ఆమె ముందు సంచి అందుకుంది.

ముందు సంచి అందుకుంది. ఇదొక్కటి ఎవరికీ తెలియదు, పడవవాడికి గుర్తుండదు, అన్నయ్య పట్టించుకోలేదు. సంచి అందుకుని స్పాంజిని మంచుపెట్టెలో పెట్టి, తెచ్చుకున్న రెండు లీటర్ల శుద్ధిచేసిన నీళ్ళతో మూడుసార్లు కడిగింది, మూడుసార్లు, నియమం ప్రకారం, మూత బిగించి ఉష్ణోగ్రత రాసుకుంది. అప్పుడు తిరిగి చూస్తే అతను పడవలో పడి ఉన్న పాతగుడ్డ కట్టుకుంటున్నాడు. నీళ్ళు అయిపోయాయి. గుడ్డకు డీజిలు మరకలు. సబ్బును కడిగి వాడే మనిషి ఆ గుడ్డను చూసింది, చూసి, ఇంటికెళ్ళాక కడుక్కో అన్నయ్యా అంది. అంతే.

"నీళ్ళు తాగుతావా?" వదిన సీసా చాపింది. ఆమె తలూపి తీసుకుంది, తాగలేదు. పదీ ముప్పై ఐదు. తర్వాతిదంతా వారాల లెక్క. మొదటివారం ఎరుపు, రెండోవారం చీము, మూడోవారం ఆసుపత్రి. మొదటి మందు, రెండో మందు, మూడో మందు పనిచేయలేదని డాక్టరు ముఖం చూస్తేనే తెలిసింది. ప్రయోగశాల నివేదిక ఆమె చేతికే ఇచ్చారు, మీకు అర్థమవుతుంది కదా అని. అర్థమవకుండా ఎలా ఉంటుంది, వరుసగా పద్నాలుగు మందుల పేర్లు, ప్రతి పేరు పక్కనా లొంగదు, లొంగదు, లొంగదు. అన్నీ తను రోజూ రాసే మాటలే.

పన్నెండు రోజుల కిందట అన్నయ్య మంచం పక్కన కూర్చుని, తోచక, పాత నోటు పుస్తకం తిరగేసింది. రెండోసారి తెచ్చిన స్పాంజిలోనూ అదే బూజు దొరికింది, అదే శుభ్రమైన బూజు, అంతే నిష్ప్రయోజకం. ఎందుకని పుట తిప్పితే తన గుండ్రటి అక్షరాలే కనిపించాయి. పదిహేడు. అంచున పసుపు చుక్క. మురికి. పారేయాలి. ఆ నాలుగు మాటలూ చదివింది, మళ్ళీ చదివింది, పిన్ని మాట అప్పుడు చెవికెక్కింది. పక్కన శత్రువు ఉన్నంతసేపే ఆ బూజు విషం చేస్తుంది. శత్రువును తీసేస్తే దానికి ఆ పని దండగ, చేయదు. లోపం స్పాంజిలో ఎప్పుడూ లేదు. మొదటి ముక్కే చాలు, మొదటి బూజే చాలు, పక్కన ఏదో ఒక బ్యాక్టీరియాను పెట్టి చూసి ఉంటే చాలు, అన్నయ్య రెండోసారి దిగాల్సిన పనే లేదు. ఆమె పుస్తకం మూసేసింది. "ఏమైందే, మనది పనిచేసిందా?" అన్నాడు మంచంమీంచి. ఎప్పుడూ మనది అంటాడు. చూస్తున్నాం అన్నయ్యా అంది.

అప్పటినుంచి పన్నెండు రోజులు. రోజూ చెబుదామనే వచ్చేది. జ్వరం ఎక్కువగా ఉంది, రేపు చెబుదాం. ఇవాళ నవ్వుతున్నాడు, ఎందుకు పాడుచేయడం. వదిన ఉంది. వదిన లేదు గాని నర్సు ఉంది. చెప్పకపోవడానికి ఇన్ని దారులున్నాయని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. అందుకు బదులుగా దొంగచాటుగా ఒక పని చేసింది, కట్టు మారుస్తున్నప్పుడు పుండు మీదినుంచి దూదిపుల్లతో చీము అద్దుకుపోయింది. శుద్ధమైన బూజును వారంపాటు పెంచి, గురువారం పదకొండింటికి దాని పక్కనే అన్నయ్య పుండులోని బ్యాక్టీరియాను గీతలా గీసింది. డెబ్భైరెండు గంటలు. ఆదివారం పదకొండు. తన లెక్క తప్పయితే, గీత బూజును తాకేదాకా పెరిగితే, అప్పుడు స్పాంజిదే లోపం, తనది కాదు, అన్నయ్యను దింపక తప్పలేదు. గీత మధ్యలో ఆగిపోతే ఒప్పు. తన ఊహ ఒప్పు అయితే తన తప్పు ఖాయం. ఇంత చదువూ చదివి, జీవితంలో మొదటిసారి తన ప్రయోగం ఓడిపోవాలని మొక్కుకుంటున్నానని ఆమెకు ఇప్పుడే, ఈ కుర్చీలో, పదీ నలభైతొమ్మిదికి తెలిసింది. తెలిసి సిగ్గుపడింది.

పొద్దున స్ట్రెచర్ వచ్చేముందు వదిన బయటికి వెళ్ళింది. ఇద్దరే ఉన్నారు. అన్నయ్యా, నీకొకటి చెప్పాలి అంది. చెప్పు అన్నాడు. రెండోసారి తెచ్చావు చూడు, అని మొదలుపెట్టింది. అతను మధ్యలో, "సబ్బూ, ఆ కాలు చూసి నువ్వు ఏడవకు. ఈదడానికి ఒంటికాలు చాల్లే, సముద్రం నిండా చేపలు ఈదట్లేదా. వాటికి ఆ ఒక్కటీ కూడా లేదు" అన్నాడు. నవ్వాడు. పచ్చగౌన్ల వాళ్ళిద్దరు వచ్చి చక్రాల తాళం తీశారు.

ఫోన్ ఒళ్ళో వణికింది. పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ, పిన్ని ఎప్పుడూ ముందే. ఆమె లేచి గోడ దగ్గరికి నడిచింది.

"మూత తీయలేదుగా పిన్నీ?"

"తీయలేదమ్మా. దీపం బల్లమీద పెట్టి వెనకనుంచే చూశాను."

"గీత ఎంతదాకా వచ్చింది?"

"రాలేదమ్మా. సగంలోనే ఆగింది. బూజు దగ్గర బొటనవేలి మందాన ఖాళీ ఉంది, అద్దంలా. నేను చెప్పలేదూ, ఇద్దరుంటేనే..." పిన్ని ఆగింది. "మంచిదేగా? అన్నగారికి పనికొస్తుందా?"

"రాదు పిన్నీ" అంది. గొంతు మామూలుగానే ఉంది, అది ఆమెకే వింతగా తోచింది. "ఆ ప్లేటును పారేయకండి. తాళం వేసి వెళ్ళండి." అంతే, ఇక ఎటూ తప్పించుకోవడానికి లేదు. పద్నాలుగేళ్ళుగా వెతికింది దొరికింది. ఇలాంటి రోజున ఏం చేయాలో వెనకటికి ఎన్నోసార్లు ఊహించుకుంది, అందరినీ పిలవాలి, అన్నయ్యకు మొదట చెప్పాలి, అతను పడవ హారన్ మోగిస్తాడు.

ఎర్రదీపం ఆరిపోయింది. నర్సు అట్టకు బిగించిన కాగితంతో వచ్చింది. "అంతా బాగానే అయింది. ఇక్కడొక సంతకం కావాలి. తీసిన భాగం మీరు తీసుకెళ్తారా, మమ్మల్నే చూసుకోమంటారా?" వదినకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక సంచిని గుండెకు హత్తుకుని గోడవైపు తిరిగిపోయింది. కాగితం ఆమె తీసుకుంది. మీరే చూసుకోండి అన్న చోట టిక్కు పెట్టింది. వాళ్ళెలా చూసుకుంటారో ఆమెకు తెలుసు, ఎర్రసంచిలో వేసి మూతి కట్టి, మురికిపడ్డ ప్లేట్లు పోయే చోటికే పంపుతారు. సంతకం గుండ్రంగా, శుభ్రంగా వచ్చింది.

"ఒక్కొక్కరే, రెండు నిమిషాలు" అంది నర్సు. వదిన, "నువ్వు వెళ్ళు ముందు. నాకు కాళ్ళు రావట్లేదు" అని, ఆ మాట అన్నందుకు తనే నోరు మూసుకుంది.

లోపల చల్లగా ఉంది. అన్నయ్య ముఖం తెల్లగా, సగం కళ్ళు తెరిచి, పెదవులు ఎండిపోయి. దుప్పటి ఎడమవైపు పొడుగ్గా, కుడివైపు సగందాకా లేచి అక్కడినుంచి పరుపంత చదునుగా ఉంది. ఆమె మంచం కడ్డీ పట్టుకుంది. ఇప్పుడు చెప్పకపోతే రేపటికి ఇంకో దారి దొరుకుతుంది, ఎల్లుండికి ఇంకొకటి.

"అన్నయ్యా, మనది పనిచేసింది. మొదటిసారి తెచ్చిందే పనిచేసేది. నేనే పాడుచేశాను. రెండోసారి నిన్ను దింపాల్సిన పనే లేదు. తప్పు నాది. నీ కాలు కోసుకుపోతే ముందు సంచి తీసుకున్నాను, కాలు చూడలేదు. నీళ్ళన్నీ స్పాంజికే పోశాను."

అతని కనుపాపలు అటూ ఇటూ తిరిగి ఆమె మీద ఆగినట్టే ఆగి జారిపోయాయి. "ఊఁ" అన్నాడు. నాలుక మందంగా కదిలింది. "ఇంకా కావాలా? ఎంత కావాలో చెప్పు. ఈసారి పెద్ద ముక్క తెస్తా."

"వద్దన్నయ్యా."

"సబ్బూ... కుడికాలికి చలేస్తోందే. కప్పు."

ఆమె మంచం చివరికి వెళ్ళి దుప్పటి లాగింది. చదునుగా ఉన్న చోట సర్ది, అంచు పరుపు కిందికి దోపింది, ముడతలు లేకుండా అరచేత్తో రాసింది. అతను హాయిగా కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు వెనక ఏదో పడిన చప్పుడయింది. వదిన తలుపు దగ్గర నిలబడి ఉంది, ఎంతసేపటినుంచో, సంచిలోంచి ఒక చెప్పు జారి నేలమీద పడింది, తీసుకోలేదు.

"దింపాల్సిన పనే లేకపోవడమేంటి?" అంది వదిన, చాలా నెమ్మదిగా.

ఆమె వంగి ఆ చెప్పు తీసింది. అది కుడికాలిదే. దాన్ని పట్టుకుని గది మూలనున్న స్టూలు చూపించింది.

"కూర్చో వదినా, చెప్తాను."